పిల్లనడగడం

మా మేనత్త, అంటే మా అవ్వ కూతురు, పళ్ళిపట్టు నుంచి పూలూ పండ్లూ పట్టుకుని తిరుత్తణిలో మా ఇంటికి వచ్చి, తన కొడుక్కి నన్ను అడిగింది. నాన్న వెంటనే తలూపేశాడు. నేనప్పుడు బీఏ ఇంగ్లీషు చివరి ఏడు. తిరువళ్ళూరు మీదుగా రోజూ రైల్లో పోయి చెన్నైలో ఎమ్మే చదవాలని నా ఆశ. ఆ సంగతి అడిగిన నాథుడు లేడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ వారం మా పాఠం ఒక పాత ఇంగ్లీషు నవల. అందులో ఆడపిల్లలకి ఆస్తి రాదు, ఉద్యోగం లేదు. పియానో నేర్చుకుని మొగుడి కోసం ఎదురుచూడటమే పని. దొరలు మనవాళ్ళకేమీ తీసిపోరు అనుకున్నాను. రాట్నం ముందు కండెలు చుడుతున్న అవ్వకి ఆ కథ చెప్పాను. నాన్న మగ్గంలో కూర్చుని వినీవిననట్టు వింటున్నాడు.

"ఆ కథలో దొర తోటలోకి వచ్చి పిల్లనడిగినాడవ్వా."

"నాయన ఏమన్నాడు?"

"నాయన యాడున్నాడు ఆడ? పిల్లనే అడిగినాడు."

"అదే మే, పిల్లనడిగితే నాయన గదా చెప్పల్ల!"

"అయ్యో అవ్వా! నన్ను చేసుకుంటావా అని ఆ పిల్లనే అడిగినాడు. ఆ పిల్ల ఇప్పుడొద్దు అనింది."

అవ్వ చెయ్యి ఆగిపోయింది. అవ్వను ఆ కాలంలో, ఇష్టమేనా అని అడక్కుండానే, సొంత మేనమామకి కట్టబెట్టారు.

"పిల్లనడిగినాం, పిల్లనడిగినాం అంటాం. ఒకరన్నా అడిగినామా?" అని మగ్గం వైపు తిరిగింది. "ఒరే, నీ చెల్లెలికి ఫోన్ చెయ్. పిల్లోడ్ని రమ్మను. వాడే అడగనీ."

"ఊర్లో నగతారు మా," అన్నాడు నాన్న.

"సిరిక్కట్టుం పో," అని అవ్వ అరవంలో కొట్టిపారేసింది, నవ్వితే నవ్వనీ అని. ఆ క్షణాన అవ్వ కాళ్ళకి మొక్కాలనిపించింది.

ఆదివారం బావ వచ్చాడు. కాట్టుపల్లి ఓడరేవులో పెద్ద పెద్ద యంత్రాల మధ్య తిరిగే మనిషి, మా వసారాలో నిలబడి చెమటలు కక్కాడు. నాకు జాలేసింది, నవ్వూ వచ్చింది.

"నన్ను చేసుకుంటావా?" అన్నాడు చివరికి.

"ఎమ్మే అయినాంక చెప్తా. అప్పుడు వద్దన్నా అనొచ్చు."

విసురుగా వెళ్ళిపోతాడనుకున్నాను.

"సరి, చదువుకో," అన్నాడు బావ. "నన్ను గూడా ఎవురూ అడగలేదు మే, ఇష్టమేనా అని."

ఆ మాట నాకు ఎన్నడూ తట్టలేదు.

"అయితే నేనడుగుతుండా. నీకిష్టమేనా?"

బావ మొహం ఎర్రబడింది.

"నాకూ టైమియ్యి," అన్నాడు.