ఫిరంగి దగ్గర రమణయ్యన్న

నేను పనిచేసే కృష్ణపట్నం కరెంటు ప్లాంటులో పెద్ద చప్పుడుతో ఆవిరి వదిలినప్పుడల్లా నాకు తెలియకుండానే నోరు తెరుచుకుంటుంది. "నోట్లో ఈగలు దూరతాయి సార్" అని పక్కనున్న కుర్రవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వేస్తాను గానీ గుండె దడ మాత్రం చాలాసేపటికి గానీ తగ్గదు. ఫిరంగి పేలేటప్పుడు నోరు తెరిచి ఉంచకపోతే చెవులు పోతాయని నాకు నేర్పినవాడు రమణయ్యన్న. నేను సైన్యంలో ఉన్నప్పుడు మా ఫిరంగి జట్టుకు ఆయనే పెద్ద. సంగం దగ్గర వరి పండించే ఇంటి మనిషి. అంతమంది హిందీవాళ్ల మధ్య నెల్లూరు మాట చెవినపడగానే ప్రాణం లేచొచ్చి, మొదటిరోజే ఆయన్ను అన్నా అని పిలిచేశాను.

యుద్ధం వచ్చి మమ్మల్ని మంచుకొండల్లోకి పంపారు. మేం షెల్లు వేస్తే, ఎక్కడినుంచి వేశామో కనిపెట్టి అవతలివాళ్లు తిరిగి వేసేవారు. వేయడం కంటే, ఆ తర్వాత ఎదురుచూడడమే నన్ను చంపేది. కాల్పులకు ముందు అన్న ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి భయంగా ఉందా అని అడిగేవాడు. మొదటిసారి నేను ఛాతీ విరుచుకుని లేదన్నాను.

"అయితే పోయి వంటకి నీళ్లు మొయ్యి. భయం లేనోణ్ణి నా గన్ను దగ్గరికి రానీను. పక్కోణ్ణి చంపుతాడు."

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు నిజం చెప్పాను.

"కాళ్లు వణకతా ఉండాయన్నా."

"వణకనీ. నీ పనేందో చెప్పు."

"షెల్లు ఎత్తి ఇయ్యడం."

"అది చెయ్. మిగతాది నాకొదిలెయ్."

భయం పోలేదు. చేతులు మాత్రం కదిలాయి.

ఒక మధ్యాహ్నం ఫిరంగి పేల్చే తాడు లాగితే లోపలి షెల్లు పేలలేదు. అప్పటికే వరుసగా కాల్చి ఫిరంగి గొట్టం కణకణలాడుతోంది. ఆ వేడికి లోపలిది ఏ క్షణాన్నయినా పేలవచ్చు. ఎవరో ఒకరు గొట్టం వెనక ఉన్న ఇనుప తలుపు తెరిచి దాన్ని బయటికి తీయాలి. అన్న అందర్నీ బండల వెనక్కి తరిమాడు. నేను కదల్లేదు.

"నీకు భయంగా లేదా అన్నా?"

"ఒళ్లంతా భయమేరా. అందుకే పొమ్మంటుండా. ఈడ ఉండబాకు, పో!"

బండ వెనక నేలకు అతుక్కుపోయి నోరు తెరిచి పెట్టుకున్నాను. ఇనుప తలుపు చప్పుడయింది. తర్వాత ఏమీ వినపడలేదు. నాకు తెలిసిన దేవుళ్లందర్నీ పిలిచాను. తల ఎత్తి చూస్తే, అన్న షెల్లును పొట్టకు ఆనించుకుని దూరంగా ఉన్న గుంత వైపు మెల్లగా నడుస్తున్నాడు. ప్యాంటు తడిసిపోయి ఉంది. తిరిగొచ్చాక ఆయన దాన్ని దాచుకోలేదు, మాలో ఎవరూ నవ్వలేదు.

పోయిన వానాకాలం ఆయనకు గుండె ఆపరేషన్ అంటే నెల్లూరు ఆసుపత్రికి పరిగెత్తాను. లోపలికి తీసుకుపోయే ముందు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"భయంగా ఉందిరా."

ఆయన మాటే ఆయనకు చెప్పాను. "నీ పనేందో చెప్పన్నా."

"ఊపిరి తీసుకోవడం."

"అది చెయ్. మిగతాది నాకొదిలెయ్."

మిగతాది నా చేతుల్లో ఏముంది? ఆ కొండల్లో ఆయన చేతుల్లోనూ ఏమీ లేదని అప్పుడు తెలిసింది. అన్న నవ్వాడు. నా చెయ్యి వదిలాడు. ఆపరేషన్ గదిలోంచి ప్రాణంతో బయటికి రాలేదు.

ప్లాంటులో ఇప్పుడు నాది సేఫ్టీ సూపర్‌వైజర్ పని. చిమ్నీ ఎక్కడానికి వచ్చిన ప్రతి కొత్తవాణ్ణీ భయంగా ఉందా అని అడుగుతాను. లేదన్నవాణ్ణి వెనక్కి పంపేస్తాను. ఉందన్నవాడికి పని ఏమిటో అడిగి, మిగతాది నాకొదిలెయ్ అంటాను. వాడు ఎక్కి దిగేదాకా కింద నా కాళ్లు వణుకుతూనే ఉంటాయి.