తల్లికి కూతురు కలిపిచ్చిన పొడి

అశ్వారావుపేటలో మా భూములన్నీ ఇప్పుడు పరుల పామాయిల్ తోటలు. అయినా ఖమ్మం ఆస్పత్రికి ఇస్త్రీ పంచెతోనే వెళ్తాను. డాక్టర్ ఏం చెప్పినా తలాడిస్తాను, తిరిగి అడగను. మా ఇంటి మగవాళ్లకు ఒకరిని అడిగే అలవాటు లేదు.

పోయిన ఏడు నా భార్య మెదడులోని గడ్డకు ఆపరేషన్ అయింది. కొంత లోపలే మిగిలింది. అది పెరుగుతుందేమో అప్పుడప్పుడూ స్కాన్ తీసి చూస్తామన్నారు. అప్పటినుంచి ఆమె చేతిలోంచి చెంచా జారినా నాకు ఆ గడ్డే గుర్తొస్తుంది.

మా అమ్మాయి నెలసరి ఇబ్బందికి ఇనోసిటాల్ అనే పొడి తాగుతుంది. చక్కెర కాదు గానీ చక్కెరలాంటిదే, తియ్యగా ఉంటుంది. దానికీ మెదడు గడ్డలకూ సంబంధం మీద పరిశోధన జరుగుతోందని ఫోన్‌లో చదివి, తల్లికి కూడా రోజూ కలిపివ్వడం మొదలుపెట్టింది.

"విటమిన్ లాంటిదే నాన్నా, ఏం కాదు," అంది. నేను తలాడించాను.

ఒకరోజు పక్కింటావిడ వచ్చి, "తీపి పడితే గడ్డ పెరుగుద్దంట గదా వదినా," అనేసి పోయింది. ఆ రోజునుంచి గ్లాసులో చెంచా తిరిగే చప్పుడు వింటే లేచి వాకిట్లోకి వెళ్లేవాణ్ణి. ఆపమనలేను, తాగమనలేను.

మొన్న స్కాన్‌కు వెళ్లాం. "ఇంకేమైనా అడగాలా?" అన్నాడు డాక్టర్.

"ఏం లేదు," అని లేచాను. నా భార్య లేవలేదు.

"ఈయన అడగరు సారూ. వీళ్ల తాత గూడ తొవ్వ అడగలేక భద్రాచలం అడవిల రాత్రంతా తిరిగిన్రంట," అని పొడి సంగతి చెప్పింది. "నేను తాగేది మందా, గడ్డకు మేతా?"

డాక్టర్ నవ్వబోయి ఆగాడు. "అది ఇంకా పరిశోధనలోనే ఉందమ్మా. మీకు మేలు చేస్తదో కీడు చేస్తదో నేను చెప్పలేను. ఇప్పటికైతే ఆపేయండి."

"మరి ఇన్నాళ్లూ తాగిందో?" ఆ గొంతు నాదేనని ఆలస్యంగా తెలిసింది.

"తెలియదండీ. స్కాన్ చూద్దాం."

ఆయనకూ తెలియదు. అంతవరకూ తెలియనిది నాకొక్కడికే అనుకున్నాను.

స్కాన్ గది ముందు లోహం ఏదీ ఒంటిమీద ఉండకూడదన్నారు. ఆమె కమ్మలు తీసింది, మెడలోంచి పుస్తెలతాడు తీసి నా అరచేతిలో పెట్టింది.

"ఏందట్ల చూస్తరు? వచ్చినంక మళ్లీ కడుదురు గానీ, పారేసుకోకండి."

తలుపు మూసుకుంది. పుస్తెలు ఇంకా ఆమె ఒంటి వెచ్చదనంతోనే ఉన్నాయి. గుప్పిట బిగించాను.