ఉన్నదున్నట్టు చెప్పిన దుబాసీ

బర్మాలోని యాంగోన్‌లో జపాన్ వాళ్ళతో పని పడిన ప్రతి కంపెనీకీ న్వే నీ హ్లైంగ్ తెలుసు. నలభై దాటిన మనిషి. రెండు భాషల మధ్య మాటల్ని నునుపు చేసి అందించడం ఆమె విద్య. ఇటువాళ్ళ గద్దింపు ఆమె నోట విన్నపమయ్యేది, అటువాళ్ళ అనుమానం మర్యాదయ్యేది. అలా రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగి, మురాసే అనే ఆయన్ను జిప్పుల ఫ్యాక్టరీ పెట్టడానికి ఒప్పించింది. రేవు పక్కన స్థలం ఖాయమైంది. యంత్రాలు ఓడ దిగాయి. పనికి అరవైమంది ఆడవాళ్ళను తానే ఎంచింది.

ఇంతలో సైన్యం గద్దెనెక్కింది. బ్యాంకుల ముందు జనం బారులు తీరారు, ఫోన్లు మూగబోయాయి. అయినా మురాసే కదల్లేదు. కాస్త ఆగి చూద్దామన్నాడు.

వానలు మొదలయ్యాక జరిగిన సమావేశానికి ఊ థౌంగ్ న్యున్ అనే రిటైరైన కర్నల్ పిలవకుండానే వచ్చి కూర్చున్నాడు.

"ఆ స్థలం ఇప్పుడు మా మాజీ సైనికుల కంపెనీ కిందికొచ్చింది. సగం వాటా మాది కాకపోతే గేటు తెరుచుకోదు. చెప్పమ్మా ఆయనకి."

చెప్పింది. మురాసే నెమ్మదిగా అన్నాడు: "మేం ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నాం కదా. ఈయన దగ్గర కాగితం ఏముందో అడగండి."

కర్నల్ బల్లమీద అతిథులకు పెట్టిన ఊరబెట్టిన టీ ఆకు ఓ చెంచాడు నోట్లో వేసుకున్నాడు. "కాగితమా? నేనే కాగితం. రేపు ఈయన వీసా కూడా నేను ఊఁ అంటేనే."

'నిబంధనలు మారాయట' అంటే సరిపోయేది. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇప్పుడు నునుపు చేస్తే మురాసే పీకల్లోతు మునుగుతాడు. ఒక్క ముక్క మార్చకుండా చెప్పేసింది.

మురాసే ఫైలు మూసి, ఇద్దరికీ వంగి నమస్కరించి వెళ్ళిపోయాడు. రెండు వారాలకు యంత్రాలు మళ్ళీ ఓడెక్కి వియత్నాం పోయాయి.

ఆ కబురు చెప్పడానికి, తాను ఎంచిన అరవైమందిలో ముందుగా ప్యోన్ అనే ఆమె ఇంటికి వెళ్ళింది. ప్యోన్ కుట్టుపని చేసే ఫ్యాక్టరీ అప్పటికే మూతపడింది.

"రెండు భాషలొచ్చు కదక్కా నీకు. ఏదో ఒకదాంట్లో అబద్ధం చెప్పలేకపోయావా?"

"చెప్పుంటే నిన్ను ఆ కర్నల్ చేతి కిందే పనికి పంపాల్సొచ్చేది."

"పంపితే ఏం? పొయ్యి వెలిగేది."

న్వే నీ హ్లైంగ్ గొడుగు తీసుకుని ఇంటిదారి పట్టింది. నిజం చెప్పి తప్పు చేశానా అని తనను తానే తిట్టుకుంది. ఆ కర్నల్‌ను మాత్రం ఎవరూ ఏమీ అనరు.

ఆ తర్వాత ఆమెతో మాట చేరవేయించుకోడానికి కొత్త కంపెనీలేవీ రాలేదు. పాత కంపెనీలు ఒక్కొక్కటే తలుపులు మూసేశాయి. చివరికి ముందుగదిలో జపనీస్ పాఠాలు మొదలుపెట్టింది. జపాన్‌లో ముసలివాళ్ళకు సేవ చేసే ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు ఎగబడ్డారు. కూర్చోడానికి చోటు చాల్లేదు. ఇంత గిరాకీ ఆమెకు ఎన్నడూ లేదు, ఇంత చిరాకూ లేదు.

మూడో వారంలో ప్యోన్ కూడా వచ్చి చేరింది.

"ఫ్యాక్టరీ ఇక్కడికి రాకపోతే మనమే అక్కడికి పోదాం, అంతేగా అక్కా," అంది నవ్వుతూ.

న్వే నీ హ్లైంగ్‌కు నవ్వు రాలేదు. "ముందు ఆ అక్షరం సరిగ్గా దిద్దు," అని కసిరింది. ఆ కసురు తనమీద కాదని ప్యోన్‌కు తెలుసు. తల వంచుకుని దిద్దసాగింది.