మొగులప్ప పేరు ముందు రాసిన మాట

1988. వికారాబాదు నుంచి బదిలీ అయి తాండూరులో లైన్‌మన్‌గా పనిచేస్తున్నాను. పేదల ఇళ్లకు సర్కారు ఖర్చుతో ఒక బల్బు కనెక్షన్ ఇచ్చే పథకం అప్పుడే మా దాకా వచ్చింది. స్తంభం నుంచి ఇంటిదాకా లాగే సర్వీస్ వైరు, హోల్డరు, స్విచ్చు, బల్బు అన్నీ ఉచితం. జాబితా రాసే పనీ నా నెత్తినే పడింది. మార్చి నెలాఖరులోగా పూర్తిచేయకపోతే మంజూరు వెనక్కి పోతుంది.

నాపరాయి పాలిషు చేసే షెడ్ల వెనక వాడలో నర్సమ్మ ఇల్లు. గోడలూ కప్పూ రాళ్లే, మేకు దిగదు. స్విచ్చును చెక్కకు బిగించి, ఆ చెక్కను గుంజకు కట్టాను. ఆమె ఒక్కతే ఉండేది. భర్త మొగులప్ప రాళ్ల లారీతో హమాలీగా వెళ్లి ఆరేళ్లయింది, మళ్లీ రాలేదు. బల్బు వెలగగానే కళ్లు చికిలించి చూసి, "ఆయనొస్తె చీకట్ల తడుముకునే పని లేదు" అంది.

ఆమె దరఖాస్తు నింపింది నేనే. దిక్కులేని ఆడవాళ్లవి ముందు మంజూరవుతాయని, ఆమెను అడక్కుండానే మొగులప్ప పేరు ముందు 'లేట్' అని రాశాను. ఆఫీసు కాగితాల్లో చనిపోయినవాళ్ల పేరుకు ముందు పెట్టే మాట అది. ఆరేళ్లుగా రానివాడు ఇకేం వస్తాడు, మేలే చేస్తున్నాను కదా అనుకున్నాను. ఆ మాట అలాగే ఎక్కిన కనెక్షన్ కార్డు ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను.

పదిరోజుల తర్వాత అటు వెళితే వాడంతా బల్బులు, ఆమె ఇంట్లో మాత్రం గాసునూనె బుడ్డిదీపం. వైరు ఊడిందేమోనని లోపలికి వెళ్లాను. ఆమె కార్డు తెచ్చి నా ముందు పెట్టింది. రేషన్ దుకాణం ఆయన అది చదివి, ఆమె మెడలో పుస్తె వంక చూశాడట. ఆ సాయంత్రమే వాడలో ఆడవాళ్లు వచ్చి, ఇక అది తీసెయ్యమన్నారట.

"సారు, ఆయన శవం నువ్వు జూసినవా?" అని అడిగింది.

తప్పు నాదేనన్నాను. కానీ ఆ మాట తీసేస్తే కనెక్షనే పోవచ్చని కూడా చెప్పాను.

"పోతె పోనియ్. ఆయనను సంపి నేను దీపం వెట్టుకుంటనా?"

మర్నాడు ఆఫీసరు ముందు నిలబడి జరిగింది ఒప్పుకున్నాను. చెడామడా తిట్టాడు. లాగిన వైరు మళ్లీ పీకడం ఎందుకులే అని చివరికి కొత్త కార్డు మీద సంతకం పెట్టాడు. తీసుకెళ్లి నర్సమ్మకు ఇస్తే మొగుడి పేరు చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది. అప్పుడు లేచి తనే స్విచ్చు వేసింది.

నా క్వార్టరుకు వచ్చి రేషన్ కార్డు తీసి చూశాను. నా భార్య బాలమణి అలిగి పుట్టింటికి వెళ్లి అప్పటికి రెండేళ్లు. అయినా ఆమె పేరు కొట్టేయించాలని నాకు ఎన్నడూ తోచలేదు. నర్సమ్మ మొగుణ్ని మాత్రం ఒక్క మాటతో లేకుండా చేశాను. ఎవరింట్లో ఎవరు లేరన్నది ఆ ఇంటివాళ్లే చెప్పాలని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత అడక్కుండా ఏ కాగితమూ నింపలేదు.

బాలమణి మళ్లీ రాలేదు. కార్డులో ఆమె పేరు ఇప్పటికీ ఉంది.