ఐలయ్య రుమాలు

జనగామ బస్సుల్లో ముప్పైయేళ్లు కండక్టరుగా చేసిన ఐలయ్యకు ఒకటే చట్టం: కిటికీలోంచి రుమాలు పడిందంటే ఆ సీటు వేసినవాడిదే.

2015లో అమెరికాలో ఉద్యోగం చేసే అల్లుడు రవికాంత్‌కు ఆఫీసు లాటరీలో అక్కడి ఫుట్‌బాల్ ఫైనల్ సూపర్ బౌల్‌కు టికెట్లు రెండు తగిలాయి. అరిజోనా స్టేడియంలో అడుగుపెట్టగానే ఐలయ్య ఉరికి, ముందువరసలో రుమాలు పరిచాడు.

"మామా, మన సీట్లు పైన! టికెట్ మీద నంబర్ ఉంది. 1967లో ఫస్ట్ సూపర్ బౌల్‌కైతే వేల సీట్లు ఖాళీ అట."

"మరి నన్ను అప్పుడే తీస్కరావద్దా!" ఐలయ్య రుసరుసలాడుతూ మెట్లెక్కాడు.

ఆట మధ్యలో ఎవడో తప్పు చేశాడని రిఫరీ పసుప్పచ్చ రుమాలు విసిరాడు. ఆట ఆగిపోయింది. స్టేడియమంతా లేచి నిలబడింది.

ఐలయ్య అల్లుణ్ణి మోచేత్తో పొడిచాడు.

"చూసినవా అల్లుడూ! ఆయనేస్తే ఇంతమంది లేసిండ్రు. నేనేస్తే రెండు సీట్లు గూడ ఇయ్యకపోతిరి!"