రెండోసారి పాలిష్

అక్టోబరు చివర్లో సౌదీలోని తాయిఫ్ కొండల మీద చలి మొదలవగానే యజమాని ఫహద్ కుటుంబమంతా జెద్దాకు దిగిపోతుంది. ఆ పెద్ద ఇంట్లో మిగిలేది ఇద్దరే. కొండ దిగనని మొండికేసే ఫహద్ నాయనమ్మ ఒకరు, ఆమెను కనిపెట్టుకుని ఉండే పనిమనిషి రహమత్బీ ఒకరు. ముసలమ్మకు చెవులు సరిగా వినపడవు, రోజులో సగం నిద్రే. రాయచోటి నుంచి వచ్చిన రహమత్బీకి అది నాలుగో చలికాలం. మళ్లీ మే నెల దాకా ఆమె నోట వచ్చేవి మూడు మాటలే: లే, తిను, మందు వేసుకో. అవీ అరబ్బీలో.

ఇంటి వెనక షెడ్డులో ఫహద్ రేసుకారు ఉంటుంది. ఒక్కరే పట్టే చిన్న బండి. ఎండాకాలమంతా ఊరి బయట ట్రాకు మీద తిప్పుతాడు. చలికాలం తేమకు తుప్పు పట్టకుండా, ఎలుకలు దూరకుండా దాన్ని భద్రం చేయాలి. ఏటా ఆ పని చేసే పెషావర్ మెకానిక్ ఈసారి దేశానికి వెళ్లిపోయాడు. ఒక వర్క్‌షాపు నుంచి వేరే మనిషిని పంపుతున్నాననీ, దగ్గరుండి చూసుకోమనీ ఫహద్ ఫోన్లో చెప్పాడు.

వచ్చినాయనకు యాభై దాటి ఉంటాయి. పరాయి మగవాడు కాబట్టి రహమత్బీ ముసలమ్మను కుర్చీలో తెచ్చి షెడ్డు ముందు ఎండలో కూర్చోబెట్టి, పక్కన నిలబడింది. ఆయన కారు కింద పెట్టిన జాకీ పక్కకు జారింది.

"అరే, నీ జిమ్మడ!" అన్నాడు తనలో తాను.

రహమత్బీ ఒక అడుగు ముందుకేసింది. "తెలుగోళ్లాన్నా మీరు?"

ఆయన తలెత్తి చూశాడు. "అవునక్కా, నిజామాబాద్ దిక్కు భీంగల్. లింబాద్రి నా పేరు. మీదేడ?"

"రాయచోటన్నా."

"ఏమంటున్నాడు? మీ అన్నయ్యా ఈయన?" అని ముసలమ్మ అరబ్బీలో అడిగింది. రహమత్బీ అవునంది.

లింబాద్రి కారును స్టాండ్ల మీద నిలిపి చక్రాలు విప్పాడు. పాత ఆయిల్ దించి కొత్తది పోశాడు. బ్యాటరీ తీసి పక్కన పెట్టాడు. ప్లగ్గులు ఊడదీసి అటూ ఇటూ చూస్తుంటే, అడగకముందే రహమత్బీ వంటింట్లోంచి చెంచా తెచ్చి ఇచ్చింది. లోపల తుప్పు పట్టకుండా ఒక్కో సిలిండర్లో చెంచాడు నూనె పోయాలి మరి.

"నీకెట్ల తెల్సక్కా?"

"మా ఇంటాయన రియాజ్‌ది లారీ రిపేరు షెడ్డన్నా. పానాలు, రెంచీలు నేనే అందిస్తాంటి. ఆయన పోయి ఆరేండ్లాయ. ఆమీటనే ఈడికొచ్చినా."

లింబాద్రి చెంచా తిరిగి ఆమె చేతికిచ్చాడు. "గీ మిగిలిన రెండిట్ల నువ్వే పొయ్యి."

ఆమె వంగి జాగ్రత్తగా పోసింది. చుక్క కూడా కింద పడలేదు.

ఆ తర్వాత మాటలు ఆగలేదు. ఆయన భార్య భాగ్యలక్ష్మి బీడీలు చుడుతుందట. వేళ్ల నొప్పులతో ఈ మధ్య మానేసిందట. రాగిసంగటి తిని ఎన్నేళ్లయిందో రహమత్బీ చెప్పింది. "మాకు మీ సంగటి లెక్క మక్కగటక ఉంటది తియ్ అక్కా" అన్నాడాయన. ఆయన యాసకు ఆమె, ఆమె యాసకు ఆయన నవ్వుకున్నారు.

మధ్యాహ్నానికల్లా పని అయిపోయింది. పొగగొట్టంలో గుడ్డలు కుక్కి, బండికి పాలిష్ పెట్టి, లింబాద్రి చేతులు తుడుచుకుంటూ పైన కప్పే కవరు అందుకున్నాడు.

"పాలిష్ రెండుతూర్లు పెట్టమన్నాడన్నా" అంది రహమత్బీ.

ఫహద్ అలా అనలేదు. లింబాద్రి తళతళలాడుతున్న బండిని చూశాడు, తర్వాత ఆమెను చూశాడు.

"అట్లనే అక్కా" అని డబ్బా మూత మళ్లీ తీశాడు. ఈసారి చాలా నెమ్మదిగా రుద్దాడు.

వెళ్తూ నంబరు ఇచ్చాడు. ఏమని ఫోను చేయాలో తెలియక ఆమె చాలా రోజులు ఊరుకుంది. డిసెంబరులో మూడు రోజులు పొగమంచు వదలనప్పుడు చేసింది. ఆయనను దూరంగా జిజాన్‌లో పనికి పంపేశారట. వెనక మిషన్ల మోత. "పనిల ఉన్న అక్కా, మల్ల జేస్త" అన్నాడు. అన్నట్టే శుక్రవారం చేశాడు. అప్పుడామె ముసలమ్మకు స్నానం చేయిస్తోంది. చేతులు కడుక్కుని వచ్చేసరికి ఫోను మోగడం ఆగిపోయింది. తిరిగి చేస్తే ఎత్తలేదు. జనవరి నుంచి ఆ నంబరు పలకనే లేదు.

మే నెలలో ఫహద్ కుటుంబంతో తిరిగొచ్చాడు. చక్రాలు, బ్యాటరీ బిగించాక కారు మొదటిసారికే స్టార్టయింది. అతను సంబరంగా అరిచాడు: "ఇంత బాగా ఎవరు చేశారు?"

"లింబాద్రి" అంది రహమత్బీ.

"ఎవరు?"

ఆమె మళ్లీ చెప్పింది. ఇంజను మోతలో అతనికి వినపడలేదు, బండిని ముందుకు దూకించాడు. గేటు దాటి రోడ్డెక్కేదాకా చూసి రహమత్బీ లోపలికి నడిచింది. ఆ పూట పన్నెండుమందికి వంట చేయాలి.