బాపు ఉసిరి మందు

ఉసిరికాయ తింటే షుగరూ, నెత్తుట్లో కొవ్వూ రెండూ దిగుతాయని మాదన్నపేట మార్కెట్లో ఎవరో చెప్పారట. షుగరున్న మా బాపు అదే రోజు ఒక జాడీ నిండా తెచ్చుకున్నాడు. పొద్దునా రాత్రీ మరిచిపోకుండా తినేవాడు. మందంటే ఆయనకు అంత ముద్దు ఎప్పుడూ లేదు!

కొన్నాళ్లకు అమ్మ ఇంట్లోనే బాపు మూత్రాన్ని మందులో కలిపి, స్పిరిట్ దీపం మీద కాచి పరీక్ష చేసింది. గాజు గొట్టంలోని నీలి మందు నీలంగానే ఉంటే షుగర్ లేనట్టు. అది మా కళ్లముందే ఆకుపచ్చై, పసుపై, చివరికి ఇటుక రంగుకు తిరిగింది. అమ్మ పరుగున వెళ్లి జాడీ మూత తీసింది. చక్కెర పాకంలో ఊరిన మురబ్బా!

"ఏందయ్యా గిది? మందా, మిఠాయా?"

"పాకం నేను ముట్టనే ముట్టలే! కాయలే తిన్న!"

మేం నేల మీద దొర్లి దొర్లి నవ్వాం. బాపు కూడా నవ్వుతూనే ఇంకో కాయ తీసి, పాకం శుభ్రంగా దులిపి, నోట్లో వేసుకున్నాడు.